సెలవులు, ప్రాజెక్టేతర పనిగంటలు: ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లో వాటి లెక్కకు ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో షెడ్యూలు వేసుకొని పనిచేసే సంస్థలు ఇప్పుడు ఒక్క రకానివి కావు. ఓర్వకల్లు చుట్టుపక్కల సౌర విద్యుత్ పనులు చేసే కాంట్రాక్టు సంస్థలున్నాయి, పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం మీద ఆధారపడిన విడిభాగాల యూనిట్లున్నాయి, అనంతపురంలోనే కూర్చొని బెంగళూరు సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే చిన్న బృందాలున్నాయి. పని ఏదైనా, గడువు వేసేటప్పుడు చాలామంది పట్టుకునే లెక్క మాత్రం ఒకటే: నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు. ఆ లెక్క జీతాల పట్టీకి సరిపోతుంది గాని గడువులకు సరిపోదు.

ఎందుకు సరిపోదో ఒక ఉదాహరణతో చూడవచ్చు. వారానికి ఆరు రోజులు పనిచేసే కార్యాలయంలో 365 రోజుల నుంచి 52 ఆదివారాలు తీసివేస్తే 313 రోజులు మిగులుతాయి. పండుగలకు, జాతీయ సెలవులకు కలిపి 10 రోజులు, ఈఎల్ (ఆర్జిత సెలవు) కింద 15, సీఎల్ (సాధారణ సెలవు) కింద 12 రోజులు పోతాయనుకుంటే మిగిలేవి 276. ఆ 276 రోజుల్లోనూ మీటింగులు, శిక్షణ, టెండరు కాగితాలు, ఇంటర్వ్యూలు వంటి వాటికి రోజుకు ఒక్క గంట పోయినా ప్రాజెక్టుకు దక్కేది 1,932 గంటలే. షెడ్యూలు వేసిన వ్యక్తి ఊహించుకున్నది 313 రోజుల చొప్పున 2,504 గంటలు. అంటే, ఎవరూ పని ఎగ్గొట్టకుండానే, ఎవరికీ జ్వరం రాకుండానే, దాదాపు నాలుగో వంతు కాలం లెక్కలోంచి జారిపోయింది. ఈ తేడాను ముందుగానే కనిపించేలా చేసే సాఫ్ట్‌వేర్ ఏదన్నదే ఇక్కడి ప్రశ్న.

సాధనాలను పోల్చే ముందు ఒక విభజన చేసుకోవాలి. దాన్ని వదిలేసి కొన్న సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా ఆరు నెలల్లో మూలన పడుతుంది. సెలవు చాలావరకు ముందే తెలిసే విషయం, కాబట్టి అది క్యాలెండరులో ఉండాలి. ప్రాజెక్టేతర పని చాలావరకు జరిగిన తరువాతే తెలిసే విషయం, కాబట్టి అది టైమ్‌షీట్‌లో, అంటే ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో రాసే పట్టీలో, ఉండాలి. మొదటిది ‘వచ్చే నెల ఎవరు ఉంటారు’ అన్న ప్రశ్నకు, రెండోది ‘పోయిన నెల కాలం ఎక్కడికి పోయింది’ అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. అమ్మకందారులు రెండింటినీ కలిపి ఒకే పేరుతో చూపిస్తారు గాని, ఏ సాధనమైనా ఒకదాన్ని బాగా, రెండోదాన్ని అంతంతమాత్రంగా చేయడమే సాధారణంగా కనిపిస్తుంది.

ఈ విభజన లేని చోట కనిపించే అలవాటు ఏమిటంటే, ప్రతి ప్రాజెక్టులోనూ ‘సెలవు’ అని ఒక టాస్క్ పెట్టి, దాన్ని ఆ వ్యక్తికి అప్పగించడం. చూడటానికి సులువైన దారి. అయితే ఒకే ఇంజనీరు మూడు పనుల్లో ఉన్నప్పుడు ముగ్గురు మేనేజర్లూ ఆ సెలవును ఎవరికి వారు రాసుకుంటారు. నెలాఖరు నివేదికలో రెండు రోజుల సెలవు ఆరు రోజులై కూర్చుంటుంది. పైగా ఆ టాస్క్ పూర్తయినట్లు గుర్తు పెట్టగానే ప్రాజెక్టు పూర్తి శాతం కూడా కొంచెం పెరుగుతుంది, అంటే సెలవు తీసుకోవడం వల్ల పని ముందుకు జరిగినట్లు కాగితం మీద కనిపిస్తుంది. సెలవును ప్రాజెక్టు లోపల టాస్క్‌గా పెట్టవద్దని ఏ సాధనం వాడేవారికైనా చెప్పవలసిన మాట.

ఏది ప్రాజెక్టు పని, ఏది కాదు

ఇక్కడ సాఫ్ట్‌వేర్ సహాయపడదు, యాజమాన్యమే తేల్చాలి. శిక్షణ, సంస్థ అంతర్గత సమావేశాలు, ఇంకా చేతికి రాని పనికి టెండరు తయారీ, కొత్తవారికి ఇంటర్వ్యూలు ప్రాజెక్టేతర పనులే అన్నదాంట్లో వివాదం లేదు. గంటో రెండు గంటలో పెట్టే పర్మిషన్ సెలవు కిందికి వస్తుంది. ఓడీ (ఆన్ డ్యూటీ) అలా కాదు; మనిషి కార్యాలయంలో లేకపోయినా పనిలోనే ఉన్నట్టు, కాబట్టి అటెండెన్స్ రిజిస్టరులో ఓడీ అని ఉన్నదాన్ని సెలవుగా లాగేసుకునే సాధనం ఏకంగా తప్పుడు లెక్క ఇస్తుంది.

వివాదమంతా ప్రయాణం దగ్గర, సైటులో నిరీక్షణ దగ్గర వస్తుంది. కర్నూలు నుంచి సైటుకు వెళ్లిరావడానికి పట్టే కాలం ఆ సైటు లేకపోతే ఖర్చయ్యేది కాదు గనుక దాన్ని ఆ ప్రాజెక్టుకే రాయడం న్యాయం. నిరీక్షణ సంగతి మరింత ముఖ్యం. క్రేన్ రాలేదని, లైన్ క్లియరెన్స్ (కరెంటు లైను ఆపి పనిచేసుకునే అనుమతి) దొరకలేదని, వాన పడిందని బృందం సగం రోజు ఖాళీగా కూర్చుంటే చాలామంది సూపర్‌వైజర్లు దాన్ని ‘ఇతర పనులు’ అన్న ఖాతాలో వేసేస్తారు. నా ఉద్దేశంలో ఈ మొత్తం విషయంలో ఖరీదైన తప్పు ఇదే. రేపు గడువు పొడిగింపు అడగవలసి వస్తే ఆ నిరీక్షణే ఆధారం. అది ప్రాజెక్టు కింద, వేరే యాక్టివిటీ కోడ్‌తో (పని రకాన్ని తెలిపే గుర్తుతో), కారణంతో సహా నమోదై ఉండాలి. ‘ఇతర పనులు’లో కలిసిపోయిన గంటలను తరువాత ఎవరూ విడదీయలేరు. అందువల్ల సాధనం ఎంచుకునేటప్పుడు, ఒకే ప్రాజెక్టు కింద పని రకాన్ని విడిగా గుర్తించే వీలు ఉందా లేదా అన్నది తప్పక చూడాలి.

రకాల సంఖ్య మాత్రం తక్కువగా ఉండాలి. అయిదారు మించితే నింపేవారు చదవడం మానేసి మొదటిదాన్నే నొక్కుతారు.

మన పండుగలు ఏ జాబితాలోనూ ఉండవు

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సెలవుల జాబితా, ఒకవేళ ఉంటే, దేశం మొత్తానికి వేసినది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటివి అందులో దొరుకుతాయి. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి హొళగుంద, ఆలూరు వైపు మనుషులు పనిలోకి రారన్న సంగతి దానికి తెలియదు. మొహర్రం రోజుల్లో గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవాలకు నార్పల మండలం ఎలా కదులుతుందో, కడప పెద్దదర్గా ఉరుసుకు, ఒంటిమిట్ట కల్యాణానికి ఎంతమంది సెలవు పెడతారో కూడా తెలియదు. మొహర్రం, ఉరుసు చాంద్రమాన తేదీలను బట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తాయి కనుక, పోయిన సంవత్సరపు క్యాలెండరును నకలు చేసి పెట్టుకునే అలవాటు ఇక్కడ పనిచేయదు. రంజాన్ అయితే నెలవంకను బట్టి చివరి నిమిషంలో ఒక రోజు అటూ ఇటూ మారుతుంది. ఆ మార్పును ఒక్క చోట దిద్దితే అన్ని షెడ్యూళ్లలోనూ దానంతటదే సర్దుకోవాలి.

జిల్లాల విభజన మరో చిక్కు తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడిన తరువాత పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. వెయ్యి మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు విస్తరించిన గని, శకునాల ఊళ్లలో మొదటిది నంద్యాల జిల్లాలో, రెండోది కర్నూలు జిల్లాలో ఉన్నాయి. కలెక్టరు ప్రకటించే స్థానిక సెలవు జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి సంస్థ మొత్తానికి ఒకే క్యాలెండరు ఇచ్చే సాధనం కంటే, చోటును బట్టి వేర్వేరు క్యాలెండర్లు పెట్టుకొని ఒక్కో మనిషిని ఒక్కోదానికి జతచేసే సాధనం మన ప్రాంతానికి నప్పుతుంది. ముంగారు వానలు పడగానే సొంత చేను ఉన్న వాళ్లు వేరుశనగ విత్తడానికి వెళ్లిపోవడం ఏ క్యాలెండరులోనూ తేదీగా పెట్టలేము. జూన్, జూలై నెలల్లో సైటు బృందాల సామర్థ్యాన్ని కొంత తగ్గించి వేసుకోవడమే మార్గం.

సాధనాల సంగతి

పది మంది లోపు ఉన్న కార్యాలయానికి గూగుల్ షీట్స్ లేదా ఎక్సెల్ తక్కువ కాదు. అందులోని నెట్‌వర్క్‌డేస్.ఐఎన్‌టీఎల్ అనే ఫార్ములాకు మొదటి తేదీ, చివరి తేదీ, వారాంతపు సంఖ్య, సెలవుల జాబితా ఇస్తే పనిదినాల సంఖ్య వస్తుంది. వారాంతపు సంఖ్యగా 11 ఇస్తే ఆదివారం ఒక్కటే సెలవుగా తీసుకుంటుంది, కనుక ఆరు రోజుల వారానికి అది సరిగ్గా సరిపోతుంది. రెండో శనివారాలను సెలవుల జాబితాలో చేర్చుకోవాలి. ఈ పద్ధతి లోపం లెక్కలో లేదు, ఆమోదంలో ఉంది: ఎవరు ఎప్పుడు ఏ గడి మార్చారన్నది వివాదం వచ్చేదాకా ఎవరూ చూడరు.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ డెస్క్‌టాప్ రూపం సెలవులకు బలమైనది, ప్రాజెక్టేతర పనికి బలహీనమైనది. ప్రతి వ్యక్తికీ విడిగా క్యాలెండరు ఉంటుంది. అందులో సెలవు రోజులు పెడితే ఆ వ్యక్తికి అప్పగించిన పనులు వాటిని దాటుకొని ముందుకు జరుగుతాయి. అయితే దాని స్టాండర్డ్ క్యాలెండరు సోమవారం నుంచి శుక్రవారం వరకే, పండుగలేవీ అందులో ఉండవు. శనివారాన్ని పనిదినంగా మార్చి, ప్రతి నెలా రెండో శనివారాన్ని పునరావృత మినహాయింపుగా పెట్టుకోవచ్చు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. క్యాలెండరు మార్చినంత మాత్రాన, ఆప్షన్స్‌లోని షెడ్యూల్ భాగంలో ఉన్న ‘వారానికి 40 గంటలు’ అన్న అంకె మారదు. దాన్ని 48 చేయకపోతే ‘ఒక వారం’ అని రాసిన పని అయిదు రోజుల్లోనే ముగిసిపోతుంది. అలాగే 2010 రూపం నుంచి కొత్త పనులు మాన్యువల్ షెడ్యూలింగ్‌తో మొదలవుతాయి; అలాంటి పనులు ఎవరి సెలవునూ పట్టించుకోకుండా పెట్టిన తేదీకే నిలబడి ఉంటాయి. ‘సెలవు పెట్టినా షెడ్యూలు కదలలేదు’ అన్న ఫిర్యాదుకు ముందుగా చూడవలసిన చోటు అదే.

ఇదే కుటుంబంలోని ప్రాజెక్ట్ సర్వర్, ప్రాజెక్ట్ ఆన్‌లైన్‌లలో టైమ్‌షీట్ ఉంటుంది, అందులో పరిపాలన పని, అనారోగ్యం, సెలవు వంటి విభాగాలు సిద్ధంగా ఉంటాయి, వాటికి ఆమోదం తప్పనిసరి చేయవచ్చు. పద్ధతిగా చూస్తే మన అవసరానికి దగ్గరగా వచ్చినది ఇదే. కాని ప్రాజెక్ట్ ఆన్‌లైన్ సేవను 2026 సెప్టెంబరు 30 నాటికి ముగిస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది కాబట్టి కొత్తగా దాని వైపు వెళ్లమని ఎవరికీ చెప్పలేము.

పెద్ద నిర్మాణ పనుల్లో అసలు కాంట్రాక్టరు ప్రిమవేరా పీ6 అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే కింది సంస్థకు ఎంపిక ఉండదు. అందులో గ్లోబల్, ప్రాజెక్టు, రిసోర్స్ అని మూడు స్థాయుల క్యాలెండర్లున్నాయి. టైమ్‌షీట్‌లో ప్రాజెక్టేతర గంటలకు ఓవర్‌హెడ్ కోడ్‌లు ఉన్నాయి. మెలిక ఒక్కటే: యాక్టివిటీ రకం ‘టాస్క్ డిపెండెంట్’ అయితే అది తన క్యాలెండరునే చూస్తుంది, మనిషి సెలవు దాన్ని కదిలించదు. ‘రిసోర్స్ డిపెండెంట్’ అని పెట్టిన పనులకే సెలవు వర్తిస్తుంది. వందలమంది కూలీలున్న కాంక్రీటు పనికి మొదటిది సబబే. ఒకే ఒక టెస్టింగ్ ఇంజనీరు మీద ఆధారపడిన కమిషనింగ్ (పరీక్షించి నడపడం మొదలుపెట్టే) పనికి రెండోది కావాలి.

సాఫ్ట్‌వేర్ బృందాలకు జిరా, అజూర్ డెవాప్స్ పరిచితమైనవి. అజూర్ డెవాప్స్‌లో ప్రతి స్ప్రింటుకూ (చిన్న పని విడతకూ) కెపాసిటీ అనే పేజీ ఉంటుంది, అందులో ఒక్కొక్కరి రోజువారీ గంటలు, వారి సెలవు రోజులు, బృందం మొత్తానికి సెలవు రోజులు రాయవచ్చు. రోజుకు 8 గంటలకు బదులు 6 అని రాసుకుంటే ప్రాజెక్టేతర పనికి చోటు దానంతటదే ఏర్పడుతుంది. చిన్న బృందానికి ఇంతకంటే తేలికైన ఉపాయం లేదు. కాని అది ముందుచూపే తప్ప జరిగినదాని లెక్క కాదు, సెలవు ఆమోదం అందులో లేదు. జిరాలో గంటలు రాయాలంటే ఏదో ఒక ఇష్యూ (నమోదైన పని అంశం) ఉండాలి, కనుక ‘అంతర్గత పనులు’ అని ఒక ప్రాజెక్టు తెరిచి శిక్షణ, టెండరు వంటివాటికి అందులో శాశ్వత ఇష్యూలు పెట్టుకోవడం ఆనవాయితీ. టెంపో టైమ్‌షీట్స్ అనే అనుబంధాన్ని కొనుక్కుంటే వేర్వేరు సెలవుల జాబితాలు, వేర్వేరు పనివేళల పథకాలు వస్తాయి. అనంతపురం బృందానికి ఒక జాబితా, బెంగళూరు వారికి మరొకటి పెట్టుకోవచ్చు.

ఉచితంగా, సొంత సర్వరులో నడవాలనుకునేవారికి రెడ్‌మైన్, ఓపెన్‌ప్రాజెక్ట్ ఉన్నాయి. రెడ్‌మైన్‌లో ఇష్యూ లేకుండా నేరుగా ప్రాజెక్టు మీదనే గంటలు రాయవచ్చు, యాక్టివిటీ జాబితాను మనకు కావలసినట్లు మార్చుకోవచ్చు. పైన చెప్పిన నిరీక్షణ కోడ్‌కు ఇది చక్కగా సరిపోతుంది. సెలవుల విషయంలో అది వారంలో ఏ రోజు పని లేదో మాత్రమే అడుగుతుంది, మిగతాదానికి ప్లగిన్ల (అదనంగా జతచేసే భాగాల) మీద ఆధారపడాలి. ఓపెన్‌ప్రాజెక్ట్‌లో పని లేని తేదీల జాబితాను నిర్వాహకుడు పెడితే షెడ్యూలు వాటిని దాటివేస్తుంది.

చివరి వర్గం సెలవు విభాగం నుంచి ప్రాజెక్టు వైపు వచ్చినవి: ఓడూ, ఫ్రాపే వారి ఈఆర్‌పీనెక్స్ట్, జోహో ప్రాజెక్ట్స్. ఓడూలో ఒక అమరిక ఆన్ చేస్తే, సెలవు ఆమోదం పొందగానే అంతర్గత ప్రాజెక్టు కింద టైమ్‌షీట్ గంటలు తమంతట తాము పడతాయి. ఉద్యోగి ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయనవసరం లేదు, నెల మొత్తం గంటల కూడిక సరిపోతుంది. ముంబయి సంస్థ ఫ్రాపే తయారుచేసిన ఓపెన్‌సోర్స్ సాధనాల్లో సెలవుల జాబితా ఉద్యోగిని బట్టి మారవచ్చు, ఆమోదించిన సెలవు హాజరులోకి వెళ్తుంది, జీతం లెక్క కూడా అక్కడే ఉంటుంది. చెన్నై సంస్థ జోహో ప్రాజెక్ట్స్‌ను జోహో పీపుల్‌తో కలిపినప్పుడు సెలవుల సమాచారం ప్రాజెక్టు వైపు కనిపిస్తుంది. ఈ వర్గంలో షెడ్యూలింగ్ లోతు పీ6తో పోల్చదగినది కాదు, కాని నలభై యాభై మంది ఉన్న సంస్థకు అంత లోతు అక్కర్లేదు.

ఎవరికి ఏది

సైటు పనుల సంస్థ, ముఖ్యంగా పై కాంట్రాక్టరుకు షెడ్యూలు చూపవలసినది, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ లేదా పీ6లో క్యాలెండర్లను శ్రద్ధగా కట్టుకొని, గంటల నమోదుకు వేరే సాధారణ సాధనం పెట్టుకోవాలి. రెండూ ఒకే దానిలో కావాలన్న పట్టుదల ఇక్కడ అనవసరపు ఖర్చు. గంటల చొప్పున బిల్లు వేసే అనంతపురం సాఫ్ట్‌వేర్ బృందానికి జిరాతో టెంపో సరిపోతుంది; బిల్లు గంటల మీద కాకుండా పని మీద అయితే అజూర్ డెవాప్స్ కెపాసిటీ పేజీ చాలు. విడిభాగాల యూనిట్లలో జీతం, షిఫ్టు, ఓటీ (ఓవర్‌టైమ్) లెక్కలదే పైచేయి కనుక ఈఆర్‌పీనెక్స్ట్ లేదా ఓడూ వైపు మొగ్గాలి. కన్సల్టెన్సీలకు, పరిశోధన ప్రాజెక్టులు చేసే విద్యాసంస్థలకు రెడ్‌మైన్‌కు మించి పెట్టుబడి అవసరమని నాకు అనిపించదు.

చట్టం మారినప్పుడు సెట్టింగు మారగలదా అన్నది కూడా చూడాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వేతన సెలవు ఇచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ అర్హతను 180 రోజులకు తగ్గించింది. ఈ అంకెలు ప్రోగ్రాములోనే బిగించి ఉన్న సాధనాన్ని తీసుకోకూడదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ తరువాత మొదటి ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవు 26 వారాలు. అంత దీర్ఘకాలపు గైర్హాజరీని రోజుల సెలవుగా కాకుండా, ఆ వ్యక్తిని ప్రాజెక్టు నుంచి విడిపించి మరొకరిని నియమించే మార్పుగా షెడ్యూలులో చూపాలి.

డెమో చూపించే రోజున అమ్మకందారు సొంత ఉదాహరణలను పక్కనపెట్టి మన ఉదాహరణ ఇవ్వడం మంచిది. రెండు ప్రాజెక్టుల్లో ఉన్న ఒక వ్యక్తికి మూడు రోజుల సెలవు పెట్టించి, రెండు షెడ్యూళ్లూ కదిలాయో లేదో చూడాలి. తరువాత ఆ సెలవును రద్దు చేయించి తేదీలు వెనక్కి వచ్చాయో లేదో చూడాలి. చాలా సాధనాలు తడబడేది ఇక్కడే. సగం రోజు సీఎల్, గంట పర్మిషన్, ఆదివారం పనిచేసినందుకు కాంప్ ఆఫ్ రాయించాలి. అవన్నీ పడిన తరువాత నెల నివేదికలో ఆ వ్యక్తి ప్రాజెక్టు గంటలు, ఇతర గంటలు, సెలవు గంటలు కలిపితే ఆ నెల పనిగంటలతో సమానం కావాలి.

సెలవు కారణం ప్రాజెక్టు బోర్డు మీద అందరికీ కనిపించనవసరం లేదు. ఎవరికి ఏ జబ్బు వచ్చిందో మేనేజరుకు, సెలవు విభాగానికి తెలిస్తే చాలు. మిగతావారికి ‘అందుబాటులో లేరు’ అన్న గుర్తు సరిపోతుంది. ఈ తేడాను చూపలేని సాధనంలో ఉద్యోగులు అనారోగ్యాన్ని కూడా సీఎల్‌గా రాసుకుంటారు, అప్పుడు విభాగాల వారీ లెక్క మొత్తం అబద్ధమవుతుంది.

మార్పుకు తేదీ సంస్థ సెలవు సంవత్సరంతో కలవాలి. సెలవుల ఖాతా జనవరిలో మొదలయ్యే చోట జనవరి 1న, ఆర్థిక సంవత్సరాన్ని పాటించే చోట ఏప్రిల్ 1న కొత్త సాధనంలోకి మారి, ఒక్కొక్కరి మిగులు సెలవులను ఆరంభ నిల్వగా నమోదు చేసి, దాని మీద ఉద్యోగి సంతకం తీసుకోవాలి. పాత టైమ్‌షీట్లను కొత్తదానిలోకి ఎక్కించే శ్రమ పడనవసరం లేదు; నడుస్తున్న ప్రాజెక్టులకు ఇప్పటివరకు ఖర్చయిన గంటల మొత్తాన్ని ఒకే వరుసగా రాసి, పాత ఫైళ్లను చదవడానికి మాత్రమే తెరుచుకునేలా ఉంచితే సరిపోతుంది.